నాన్నగారి పాత ఆంప్లిఫయర్: బాగుచేయించాలా, అమ్మేయాలా?

ప్రశ్న ఒడిశాలోని గుణుపురం నుంచి వచ్చింది. క్లుప్తంగా ఇది: నాన్నగారు 1980ల మొదట్లో దుబాయ్ నుంచి తెచ్చిన సాన్సుయ్ ఏయూ-317 స్టీరియో ఆంప్లిఫయర్ చాలా ఏళ్లుగా అటక మీద ఉంది. మొన్న దించి ప్లగ్ పెడితే నాలుగైదు సెకన్లకు లోపల టక్‌మని శబ్దం వచ్చింది. కుడి స్పీకరు పాడుతోంది. ఎడమది వస్తే వస్తుంది, లేకపోతే లేదు. వాల్యూమ్ బాగా పెంచితే ఒక్కసారిగా అందుకుంటుంది. రెండింట్లోనూ సన్నగా హమ్ ఉంది, నాబ్ తిప్పితే కరకర. ఊళ్లో మిస్త్రీ "లోపలంతా ముసలిదైపోయింది, పాత బోర్డులు పీకేసి కొత్త బోర్డు వేస్తాను, తొమ్మిది వేలు అవుతుంది" అన్నాడు. మీ బావగారేమో ఉన్నది ఉన్నట్టు ఐదు వేలకు తీసుకుంటానంటున్నారు.

సూటిగా చెప్తాను. ఐదు వేలకు ఇచ్చేయకండి, తొమ్మిది వేలు పెట్టి కొత్త బోర్డూ వేయించకండి. మీరు రాసిన లక్షణాలు చూస్తే ఇది పెద్ద జబ్బులా లేదు. ముందు ఐదారు వందలు చెకింగ్‌కి పెట్టండి. ట్రాన్స్‌ఫార్మర్ మంచిగా ఉండి, లోపల ఇంతకుముందు ఎవరూ కెలక్కుండా ఉండి, బోర్డులు నీళ్లలో నానకుండా ఉంటే బాగుచేయించండి. ఈ మూడింట్లో ఒకటి తేడా వస్తే ఆలోచించాలి. రెండు తేడా వస్తే మీ బావగారికి ఇచ్చేయండి, ఆ రేటు కూడా ఎక్కువే.

బాగుచేయించమంటే పాడైనవి మార్చమని. పాతవన్నీ మార్చమని కాదు. బరంపురంలో నా రిపేరు బెంచి మీదకు వచ్చే పాత సెట్లలో వయసు మీరి చెడినవాటికన్నా ఎవరో "ఫుల్ సర్వీసు" చేశాక చెడినవి ఎక్కువ. అందుకే మీ మిస్త్రీ మాట వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది.

ఇంకో మాట. మనవైపు సాన్సుయ్ అనగానే టీవీ గుర్తొస్తుంది. ఆ టీవీలు వీడియోకాన్ వాళ్లు ఆ పేరు మీద అమ్మినవి. మీ ఇంట్లో ఉన్నది అసలు జపాన్ కంపెనీ 1970ల చివర్లో తయారుచేసిన సిరీస్‌లోది, ఛానెల్‌కి, అంటే ఒక్కో స్పీకరు వైపుకి, 50 వాట్లు. మీ బావగారికి ఈ సంగతి తెలిసే అడుగుతున్నారేమో నాకు తెలీదు గానీ, నడిచే కండిషన్‌లో ఉన్నది ఐదు వేలకు ఎక్కడా దొరకదు.

ఇప్పుడు ఆ టక్ శబ్దం గురించి. అది మంచి కబురు. లోపల ప్రొటెక్షన్ రిలే ఉంటుంది, అంటే స్పీకర్లను కాపాడే ఆటోమేటిక్ స్విచ్చు. ఆన్ చేసిన కొన్ని సెకన్లపాటు అది ఆంప్లిఫయర్ అవుట్‌పుట్‌ను గమనిస్తుంది. అక్కడ డీసీ (ఒకే దిశలో పారే) కరెంటు లేదని తేలాకే స్పీకర్లను కలుపుతుంది. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయి ఉంటే స్పీకరు వైపు డీసీ వచ్చేసేది, రిలే పట్టుకునేది కాదు, మీకు ఏ శబ్దమూ వినపడేది కాదు. రిలే పట్టుకుంటోందీ అంటే, దాన్ని ఎవరూ తెలివితక్కువగా బైపాస్ చెయ్యలేదనుకుంటే, రెండు ఛానెళ్ల అవుట్‌పుట్ సెక్షన్లూ బతికే ఉన్నాయి. కుడివైపు బాగా పాడుతోంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్, పవర్ సప్లై కూడా ప్రస్తుతానికి పనిచేస్తున్నట్టే. ఎడమ ఛానెల్ వాల్యూమ్ పెంచగానే అందుకుంటోందన్నారు. అది ఎక్కడో ఒక కాంటాక్టుకు మసి పట్టినప్పుడు వచ్చే లక్షణం. చిన్న సిగ్నల్ ఆ మసి పొరను దాటలేదు, పెద్దది దాటుతుంది. నూటికి తొంభై సార్లు అది రిలే కాంటాక్టో, ముందు ప్యానెల్ మీది స్విచ్చో అయి ఉంటుంది.

మూత విప్పకుండా మీరే ఇంట్లో చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి, మిస్త్రీ దగ్గరికి పోకముందే చెయ్యండి. ప్లగ్ పీకేసి టేప్ మానిటర్ స్విచ్, మోనో–స్టీరియో స్విచ్, స్పీకర్ సెలెక్టర్, ఇన్‌పుట్ సెలెక్టర్, వీటిలో ప్రతిదాన్నీ అటూ ఇటూ ఓ పాతికసార్లు తిప్పండి. బ్యాలెన్స్, బాస్, ట్రెబుల్ నాబులు కూడా ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పండి. తర్వాత ఆన్ చేసి చూడండి. టేప్ మానిటర్ స్విచ్‌ని ప్రత్యేకంగా చెప్తున్నాను. సిగ్నల్ మొత్తం దాని గుండానే పోతుంది, ఆ స్విచ్‌ని మాత్రం ఏళ్లతరబడి ఎవరూ ముట్టుకోరు. ఛత్రపురం నుంచి రిటైర్డ్ మాస్టారు ఒకాయన ఒక ఛానెల్ పోయిందని సెట్టు పట్టుకుని బస్సులో వచ్చారు. నా ముందే ఆ స్విచ్ నాలుగుసార్లు నొక్కగానే రెండో స్పీకరు మోగింది. పాపం ఆయన సంతోషించాలో, బస్సు చార్జీకి ఏడవాలో తెలియక నిలబడిపోయారు. ఆ సెట్టుకు చివరికి అయిన ఖర్చు ఒక కాంటాక్ట్ క్లీనర్ డబ్బా.

అప్పటికీ రాకపోతే వెనక స్పీకరు తీగలు ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చండి, పవర్ ఆపేసి మాత్రమే. ఇప్పుడు ఇంతదాకా మోగని స్పీకరు మోగితే తప్పు ఆంప్లిఫయర్‌దో, దానికి వచ్చే వైర్లదో. ఆ స్పీకరే ఇంకా మూగగా ఉంటే ఆంప్లిఫయర్‌ని ఏమీ అనకండి. తీగలు యథాస్థానానికి తెచ్చి, ఇన్‌పుట్ పిన్నులు కూడా అలాగే మార్చి చూడండి. దీనితో కేబుల్ తప్పా, ఫోన్ నుంచి వచ్చే వైరు తప్పా కూడా తేలిపోతుంది. అన్నట్టు ఫోన్‌ని ఆక్స్‌కి గానీ ట్యూనర్‌కి గానీ పెట్టాలి. ఫోనో అని రాసిన చోట పెట్టకండి. అది గ్రామఫోన్ రికార్డు సూదికి పెట్టినది, ఫోన్ పెడితే శబ్దం పగిలిపోయి బాస్ మాత్రం దబదబలాడుతుంది. అది చూసి ఆంప్లిఫయర్ పాడైందని నా దగ్గరకు వచ్చినవాళ్లు ఉన్నారు.

హమ్ సంగతి. అన్ని ఇన్‌పుట్ వైర్లూ పీకేసి, వాల్యూమ్ సున్నాలో పెట్టి వినండి. హమ్ పోయిందా? అయితే అది వైర్లది, ఇంటి ఎర్తింగ్‌ది. మనవైపు పాత ఇళ్లలో మూడో పిన్నుకు తీగే ఉండదు, అది మీకూ తెలిసిందే. వాల్యూమ్ సున్నాలో ఉన్నా, వైర్లు లేకపోయినా హమ్ వస్తుంటే పవర్ సప్లైలో ఫిల్టర్ కండెన్సర్లు (కరెంటును నిలకడగా ఉంచేవి) ఎండిపోయాయేమో చూడాలి. కరెంటు 50 హెర్ట్‌జ్, దాన్ని డీసీగా మార్చే రెక్టిఫయర్ దాటాక అది 100 హెర్ట్‌జ్ అవుతుంది. కండెన్సర్ అరిగేకొద్దీ ఆ 100 హెర్ట్‌జ్ స్పీకరులోకి జారుతుంది, గరగరలాడే తుమ్మెద చప్పుడులా. చెవి స్పీకరుకు ఆనిస్తే తప్ప వినపడనంత సన్నగా ఉంటే మాత్రం వదిలేయండి, ఆ కాలపు సెట్లలో అంత ఉంటుంది.

ఇక్కడికి మీ పని అయింది. ఇకమీదట మీటరు పట్టడం వచ్చినవాడు చెయ్యాలి. అయినా ఏం చేస్తాడో మీకు తెలిసి ఉంటే మోసపోరు, అందుకే రాస్తున్నాను.

మూత తీయగానే మొదట కళ్లతో చూడాలి, సోల్డరింగ్ ఐరన్ పట్టుకోకూడదు. ఫ్యూజు ఒరిజినల్‌దేనా, దాని స్థానంలో ఎవరైనా రాగి తీగ చుట్టారా? స్క్రూల గాడులు అరిగి ఉన్నాయా? ఒక ఛానెల్ ట్రాన్సిస్టర్లు ఒక రకం, రెండోవి ఇంకో రకం ఉన్నాయా? ఇవి ఉంటే ఎవరో ముందే చెయ్యి పెట్టారన్నమాట, అప్పుడు బేరం మారిపోతుంది. మన ప్రాంతంలో ఇంకో మూడు చూడాలి. పవర్ సప్లై బోర్డు మీద ఎండిపోయిన బల్లి ఉందా. అది రెండు పాయింట్ల మధ్య పడితే షార్టే. ఎలుకలు దూరాయా, ఎలుక మూత్రం రాగి ట్రాకును తినేస్తుంది, పైకి తెల్లటి మచ్చలా కనిపిస్తుంది గానీ కింద ట్రాకు ఉండదు. ఇక ఉప్పు గాలి. గోపాలపూర్ ఒడ్డున ఉన్న ఇళ్ల నుంచి వచ్చే సెట్లలో సోల్డర్ మీద పచ్చటి బూజులాంటి తుప్పు ఉంటుంది. గుణుపురంలో ఆ బెడద లేదు, అది మీ అదృష్టం. వానాకాలపు చెమ్మ మాత్రం ఉంటుంది.

ఆ కాలపు జపాన్ ఆంప్లిఫయర్లు చాలావాటిలో పెద్ద కండెన్సర్లు కదలకుండా ఒక జిగురు పూసేవారు. కొత్తలో అది లేత రంగులో ఉంటుంది. ఏళ్లు గడిచి వేడికి గోధుమరంగు తిరిగాక అదే కరెంటును కొద్దికొద్దిగా పారనిస్తుంది, తాకిన కాళ్లను తుప్పు పట్టిస్తుంది. ఓపిగ్గా చెక్క పుల్లతో గీకి తీసేయాలి, కింద కాళ్లు తెగిపోయిన రెసిస్టర్లు, డయోడ్లు ఉంటే మార్చాలి. ఈ పని గంటల తరబడి పడుతుంది, అందుకే ఎవరూ చెయ్యరు. మీ మిస్త్రీ ఈ జిగురు గురించి ఒక్క మాట అన్నా ఆయన మీద నాకు గౌరవం పెరిగేది.

తర్వాత సిరీస్ బల్బు. ఏళ్లతరబడి వాడని సెట్టును నేరుగా ప్లగ్‌లో పెట్టకూడదు. మీరు పెట్టేశారు, ఏమీ కాలేదు, ఇంకే పాత సెట్టుకూ అలా చెయ్యకండి. 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బును ఆంప్లిఫయర్‌తో సిరీస్‌లో కలుపుతారు. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. ఆన్ చెయ్యగానే బల్బు ఒక్క క్షణం వెలిగి, కండెన్సర్లు నిండాక ఎర్రగా మసకబారిపోతే సెట్టు క్షేమం. సగం వెలుగులో నిలిచిపోతే లోపల ఏదో అనవసరంగా కరెంటు లాగుతోంది. పూర్తిగా భగ్గున వెలిగి అలాగే ఉండిపోతే షార్టు. కానీ బల్బు అడ్డం ఉంది కాబట్టి మిగతావి కాలిపోవు. సిరీస్ బోర్డు లేని మిస్త్రీ దగ్గర మీ సెట్టు పెట్టకండి. ఇదొక్కటే నేను పెట్టే పరీక్ష. ఆయన సర్టిఫికెట్లు నాకు అక్కర్లేదు.

బల్బు పరీక్ష దాటాక స్పీకర్లు తీసేసి, స్పీకర్ టెర్మినళ్ల మీద మీటరు డీసీ మిల్లీవోల్టుల్లో పెట్టి చూడాలి. పది నిమిషాలు వేడెక్కాక 30 మిల్లీవోల్టుల లోపు ఉంటే చాలా మంచిది, 50 దాకా పర్వాలేదు. 100 దాటితే కారణం వెతకాలి. తర్వాత బయాస్, అంటే పాట లేనప్పుడు కూడా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే కాస్త కరెంటు. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల ఎమిటర్ రెసిస్టర్ల మీద ఎన్ని మిల్లీవోల్టులు ఉండాలో ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది. సాన్సుయ్ పాత మాన్యువళ్లు నెట్‌లో దొరుకుతాయి, ప్రింటు తీసి మిస్త్రీ చేతిలో పెట్టండి. రెండు ఛానెళ్లకూ దాదాపు ఒకేలా ఉండాలి. బయాస్ సరిచేసే బుల్లి ప్రీసెట్‌లు (స్క్రూడ్రైవర్‌తో తిప్పే కంట్రోళ్లు) తుప్పుపడితే కాంటాక్టు పోతుంది, కొన్ని డిజైన్లలో ఆ క్షణాన కరెంటు ఆకాశానికి వెళ్లి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతాయి. పావలా వస్తువు పట్టించుకోక వేల రూపాయలవి కాల్చుకున్న సెట్లు చూశాను. నేనైతే వాటిని కదపకుండా ముందు విలువ కొలిచి, కొత్తవి అదే విలువకు సెట్ చేసి అప్పుడు వేస్తాను.

ఒక హెచ్చరిక. ప్లగ్ పీకినా ఫిల్టర్ కండెన్సర్లలో చార్జి ఉంటుంది. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి ఫట్‌మనిపించే అలవాటు చాలామందికి ఉంది. దానివల్ల కండెన్సరూ చెడుతుంది, కళ్లలోకి నిప్పురవ్వా వస్తుంది. హోల్డర్‌లో పెట్టిన ఫిలమెంట్ బల్బు తీగలు రెండు కొసలకూ ఆనిస్తే నెమ్మదిగా దిగిపోతుంది. ఇది చేతకాదనుకుంటే మూత తీయకండి.

ఇక ట్రాన్స్‌ఫార్మర్. నా దృష్టిలో పాత ఆంప్లిఫయర్ ధర అంతా దానిదే. బయట బజారులో మిగతా ఏది పోయినా ఏదో ఒక దారి దొరుకుతుంది. దీనికి దొరకదు. స్టెబిలైజర్లు చుట్టేవాళ్లు "చుట్టేస్తాం" అంటారు, చుట్టేస్తారు కూడా. కానీ సెకండరీ (అవుట్‌పుట్ వైపు చుట్టు) రెండు సగాలూ సమానంగా రాకపోవడం, వార్నిష్ సరిగా పట్టక జుయ్యిమని కంపించడం, ఒరిజినల్ షీల్డు తీసి పారేయడం, ఇవన్నీ జరుగుతాయి. జాగ్రత్తగా చుట్టే చేయి లేదని కాదు, ఉంది, దొరకబుచ్చుకోవాలి. మీ సెట్టు ఇప్పుడు నడుస్తోంది కాబట్టి గంటసేపు తక్కువ వాల్యూమ్‌లో వాడి ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి వేయించి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, కాలిన వార్నిష్ వాసన వచ్చినా ఆపేయండి. గల్ఫ్ నుంచి వచ్చిన సెట్లకు వెనక వోల్టేజి సెలెక్టర్ ఉంటుంది చాలావాటికి. ఉంటే అది 240 దగ్గర పెట్టండి, 220లో వద్దు. మన సప్లై పేరుకు 230 గానీ రాత్రి లోడు తగ్గాక 250 దాకా ఎక్కే లైన్లు ఉన్నాయి.

ఇప్పుడు మీ మిస్త్రీ చెప్పిన కొత్త బోర్డు ఎందుకు వద్దంటున్నానో. బజారులో రెడీమేడ్ ఆంప్లిఫయర్ బోర్డులు ఐదారు వందల నుంచి దొరుకుతాయి. అది కొని ఒరిజినల్ బోర్డులు పీకి, మీ ట్రాన్స్‌ఫార్మర్‌కి తగిలిస్తారు. పాట వస్తుంది. కానీ ఆ బోర్డు మీ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజికి, వేడిని లాగేసే మీ హీట్‌సింక్‌కి లెక్క వేసి చేసినది కాదు. ప్రొటెక్షన్ రిలే సాధారణంగా బైపాస్ అయిపోతుంది, తర్వాత ట్రాన్సిస్టర్ ఒకటి పోతే డీసీ నేరుగా స్పీకరులోకి వెళ్లి కాయిల్‌ను కాల్చేస్తుంది. ముందు ప్యానెల్ మీది సగం స్విచ్చులు అలంకారానికి మిగులుతాయి. ఇంకొందరు ఉత్సాహవంతులు ఆ అల్యూమినియం ప్యానెల్‌కే చదరంగా రంధ్రం కోసి, ఎర్ర అంకెలు మెరిసే యూఎస్‌బీ బ్లూటూత్ ప్లేయర్ బిగిస్తారు. దాన్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. బ్లూటూత్ కావాలంటే బయట ఒక చిన్న రిసీవర్ కొని వెనక ఆక్స్‌కి పెట్టుకోండి, సెట్టు జోలికి పోనక్కర్లేదు. పీకిన ఒరిజినల్ బోర్డులు మీకు ఇవ్వరని కూడా గుర్తుంచుకోండి. అవే ఇంకొకరి సెట్టుకు వెళ్తాయి.

మరి ఏం మార్చాలి? మీ కేసులో నా అంచనా: రిలే, ఎండిన కండెన్సర్లు, బయాస్ ప్రీసెట్లు, జిగురు కింద తినేసినవి. రిలేని క్లీన్ చేయవచ్చు, విజిటింగ్ కార్డు ముక్కను కాంటాక్ట్ క్లీనర్‌తో తడిపి కాంటాక్టుల మధ్య లాగితే చాలు. గరుకు కాగితం మాత్రం వద్దు, పైపూత పోతుంది. అయినా కొత్త రిలే ఖరీదు తక్కువే, కాయిల్ వోల్టేజి పాతదాని మీద చూసి అదే కొనాలి. కరకరలాడే వాల్యూమ్ కంట్రోల్‌ని మార్చనే మార్చకండి. రెండు ఛానెళ్లనూ ఒకేసారి తిప్పే అలాంటి డబుల్ పాట్ ఇప్పుడు దొరకదు. మంచి కాంటాక్ట్ క్లీనర్ లోపలికి కొట్టి యాభైసార్లు తిప్పితే మళ్లీ వెన్నలా తిరుగుతుంది. తలుపు బందులకు కొట్టే స్ప్రే కొడితే మాత్రం రెండు నెలలకు మళ్లీ మొదటికి వస్తుంది, దుమ్మును కూడా పట్టుకుంటుంది. కాళ్లు నల్లబడిన చిన్న ట్రాన్సిస్టర్లు ఉంటే, వాల్యూమ్ సున్నాలో కూడా చిటపటలాడుతుంటే, అవి మార్చాలి. చిటపట లేకపోతే వాటిని కూడా ముట్టుకోవద్దు.

ఫిల్టర్ కండెన్సర్ల మీద గొడవ ఎప్పుడూ ఉంటుంది. నలభై ఏళ్లు దాటాయి కాబట్టి కొలవకుండా మార్చెయ్యాలని ఒక వర్గం. నేను కొలిచి చూస్తాను. కెపాసిటీ బాగుండి, ఈఎస్ఆర్ (కండెన్సర్ లోపలి నిరోధం) తక్కువ ఉండి, అడుగున ద్రవం కారకపోతే ఉంచేస్తాను. మారిస్తే వోల్టేజి పాతదాని కంటే తగ్గకూడదు, కెపాసిటీ దాదాపు అంతే ఉండాలి. "పదివేల మైక్రోఫారడ్ చోట ఇరవై రెండువేలు వేద్దాం, బాస్ అదిరిపోతుంది" అనేవాళ్లను దూరం పెట్టండి. ఆన్ చేసిన ప్రతిసారీ రెక్టిఫయర్ మీద, స్విచ్ మీద దెబ్బ పడుతుంది.

నకిలీల గురించి చెప్పకపోతే ఈ సమాధానం దండగ. కోల్‌కతా చాందినీ చౌక్, హైదరాబాద్ కోఠి, ముంబయి లామింగ్‌టన్ రోడ్ — మనకు స్పేర్లు వచ్చేవి ఈ మూడు చోట్ల నుంచే. అక్కడ అసలుదీ దొరుకుతుంది, నకిలీదీ దొరుకుతుంది, చాలాసార్లు ఒకే షాపులో. పేరున్న జపాన్ పవర్ ట్రాన్సిస్టర్ యాభై రూపాయలకు ఇస్తున్నారంటే అది ఏమిటో అర్థమవ్వాలి. థిన్నర్‌తో తుడిస్తే అక్షరాలు పోతాయి. ఒకసారి కుతూహలం కొద్దీ కాలిపోయిన ఓ నకిలీ 2ఎన్3055 లోహపు టోపీని కోసి చూశాను, లోపల సిలికాన్ ముక్క ఉండాల్సిన దాంట్లో పావు వంతు కూడా లేదు. కండెన్సర్లలోనూ అంతే, పెద్ద డబ్బాలో చిన్నది దాచి పెడతారు, చేతిలో పెట్టుకుంటే బరువే చెప్పేస్తుంది. అందుకే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు బాగుంటే "ముందు జాగ్రత్తగా" మార్పించకండి. నలభై ఏళ్లు నిలబడిన ఒరిజినల్ తీసి నకిలీ పెట్టడం కంటే తెలివితక్కువ పని లేదు.

ఎస్‌టీకే మాడ్యూల్ ఉన్న సెట్లకు ఇంకా కష్టం. 1980ల్లో వచ్చిన చాలా కాంపాక్ట్ సిస్టమ్‌లలో రెండు ఛానెళ్ల పవర్ సెక్షన్ మొత్తం ఒకే నల్లటి దిమ్మలో ఉంటుంది. అది పోతే ఒరిజినల్ దొరకడం అపురూపం. రాయగడ నుంచి ఒకతను మాడ్యూల్ తనే ఆన్‌లైన్‌లో తెప్పించుకుని తెచ్చాడు. వేస్తే పాడింది, కాస్త వాల్యూమ్ పెంచిన మొదటి శనివారం సాయంత్రమే మాడిపోయింది. తర్వాత వాళ్లు ఆ సెట్టు వదిలేశారు, సరిగ్గానే చేశారు. మీ ఏయూ-317లో విడి ట్రాన్సిస్టర్లే, ఆ బాధ లేదు. మన దేశంలో తయారైన పాత సోనోడైన్, కాస్మిక్ లాంటివి ఉన్నవాళ్లకు ఇంకా సులువు. లోపలి సరుకు మామూలుది, డిజైన్ సరళం, ఇక్కడి మిస్త్రీలకు అలవాటైనది.

డబ్బు లెక్క. నా దగ్గర అయితే చెకింగ్ ఐదు వందలు, అది రిపేరులో కలిసిపోతుంది. స్విచ్చులు, కంట్రోళ్లు క్లీనింగ్, రిలే కలిపి పదిహేను వందల లోపు. కండెన్సర్లు అసలువి, అవసరమైనవి మాత్రమే అయితే వెయ్యి నుంచి రెండు వేలు. పనికూలి రెండు మూడు వేలు, జిగురు ఎక్కువుంటే ఇంకాస్త. మొత్తం నాలుగున్నర నుంచి ఆరున్నర వేల మధ్య తేలుతుంది. వేరేచోట అటూ ఇటూ కావచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ కూడా చుట్టించాల్సి వస్తే ఇంకో మూడు వేలు, ఆపైన అదృష్టం. అందుకే అది పోతే వద్దంటాను.

ఆ డబ్బుకు కొత్తది ఏమొస్తుంది అని అడుగుతారు. మూడు నాలుగు వేలకు అరచేతిలో పట్టే క్లాస్-డీ (తక్కువ వేడెక్కే కొత్తరకం) ఆంప్లిఫయర్ వస్తుంది. నిజం చెప్పాలంటే మామూలు గదిలో, ఫోన్‌లో పాటలకు అది చాలు, శబ్దం శుభ్రంగానే ఉంటుంది. పాతదే గొప్ప, కొత్తదంతా చెత్త అనేవాళ్ల జట్టులో నేను లేను. పాతదాన్ని బాగుచేయించడానికి ఒకే కారణం చాలు: మీరు దాన్ని వాడతారా? వారానికి ఒకటి రెండుసార్లయినా కూర్చుని వింటారా? వింటే పెట్టండి. బాగుచేయించి మళ్లీ అటకెక్కించేటట్టయితే ఆ ఆరువేలు దండగ. మన వానాకాలం రెండు దాటేసరికి స్విచ్చులకు మళ్లీ మసి పడుతుంది. వాడే సెట్టు లోపలి వేడికే పొడిగా ఉంటుంది.

వదిలేయాల్సిన సెట్టు ఎలా ఉంటుందో కూడా చెప్తాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత పర్లాకిమిడి వైపు నుంచి ఒక కుటుంబం సెట్టు తెచ్చింది. పైకి తుడిచి తళతళలాడించారు. మూత తీస్తే ట్రాన్స్‌ఫార్మర్ పొరల మధ్య సన్నటి బురద గీతలా ఎండి ఉంది, స్విచ్చుల లోపల కూడా అదే. బోర్డులు కడగవచ్చు, ఆరబెట్టవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి కాగితం ఇన్సులేషన్ వరద నీళ్లు పీల్చుకున్నాక ఎంత ఎండబెట్టినా నాకు నమ్మకం కుదరదు, 230 వోల్టులు మీద పెట్టి ఇంట్లో పిల్లల మధ్య వదిలేయమని చెప్పలేను. వద్దన్నాను. నాబులు, ముందు ప్యానెల్, మూత బాగున్నాయి, అదే మోడల్ ఉన్నవాళ్లకు స్పేరుగా అమ్ముకోమన్నాను. మీ ఇంట్లోకి వంశధార నీళ్లు ఎప్పుడైనా వచ్చాయా? సెట్టు మొదటినుంచీ అటక మీదే ఉందా, మధ్యలో కింద ఉందా? ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, ఇది ముఖ్యం.

స్పీకర్లు ఏవో మీరు రాయలేదు. నాన్నగారివే అయితే కోన్ చుట్టూ ఉన్న అంచు వేలితో మెల్లగా నొక్కి చూడండి. ఫోమ్ అంచైతే ఈపాటికి పొడిగా రాలిపోతూ ఉంటుంది. రబ్బరు, గుడ్డ అంచులు నిలుస్తాయి. ఫోమ్ రాలిన స్పీకరుతో మంచి ఆంప్లిఫయర్ కూడా చెడ్డగా వినిపిస్తుంది, మళ్లీ నింద దానిమీదే పడుతుంది. ఎనిమిది ఓమ్‌ల స్పీకర్లే పెట్టండి. ఏ, బీ అని రాసిన చోట్ల రెండు జతల స్పీకర్లూ పెట్టి ఒకేసారి మోగించాలన్న సరదా ప్రస్తుతానికి మానండి.

చూపించడానికి బరంపురం గానీ విశాఖ గానీ తెస్తే కొరియర్‌లో వేయకండి. బరువంతా ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న వైపే ఉంటుంది, ఒక్కసారి కింద పడితే చాసిస్ వంగుతుంది, ముందు నాబుల ఇరుసులు విరుగుతాయి. నాబులు లాగితే ఊడొస్తాయి, తీసి విడిగా కవరులో పెట్టుకోండి. పాత దుప్పటి చుట్టి, ముందు ప్యానెల్ పైకి ఉండేలా సంచిలో పెట్టి విశాఖ పాసింజరులో కాళ్ల దగ్గర పెట్టుకుని తెచ్చుకోవచ్చు. బరంపురం వచ్చేటట్టయితే ఠాకురాణి యాత్ర (ఊరి అమ్మవారి జాతర) ఉన్న ఏడాది ఆ నెల మాత్రం రావద్దు. ఆ రోజుల్లో ఊళ్లో ఉన్న ప్రతి మైకు సెట్టూ మా బెంచీల మీదే ఉంటుంది, మీ సాన్సుయ్‌ని తీరిగ్గా చూసే మిస్త్రీ ఒక్కడూ దొరకడు.

ఈలోగా రెండు ఫొటోలు తీసి పెట్టండి: వెనక ప్యానెల్ మొత్తం, వోల్టేజి సెలెక్టర్ దగ్గరగా. పైన చెప్పిన స్విచ్చుల పని, తీగలు మార్చి చూసే పని అయ్యాక ఏం జరిగిందో రాయండి. ఎడమ ఛానెల్ స్విచ్చులతోనే తిరిగొస్తే మీ ఖర్చు సగానికి సగం తగ్గినట్టే.